తీసిన రాయి, రాయని మాట

అమరావతి మహాచైత్యాన్ని ఏ శత్రుసేనా వచ్చి కూల్చలేదు. 1790ల చివరి నుంచి 1880ల దాకా, దాదాపు తొంభై ఏళ్లపాటు, దాన్ని కొంచెం కొంచెంగా విప్పేశారు. విప్పినవాళ్లలో ఎవరికీ దాని మీద పగ లేదు. ఒకాయన ఊరు కట్టుకోవడానికి ఇటుకలు తీయించాడు. ఒకాయన శిల్పాలు మట్టిలో పడి పాడైపోకూడదని తీయించాడు. మరొకాయన మిగిలిందంతా ఒకేసారి వెలికితీసి లోకానికి చూపిద్దామనుకున్నాడు. అందరి పనీ ముగిసేసరికి కృష్ణ ఒడ్డున గుండ్రటి ఇటుక దిమ్మె ఒకటి మిగిలింది.

రాళ్లు చాలావరకు బతికే ఉన్నాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, అమరావతిలోనే పురావస్తు శాఖ ప్రదర్శనశాలలో కొన్ని ఉన్నాయి. ఏ పలక ఏ దిక్కున నిలిచిందో, దాని పక్కన ఏది ఉండేదో, దేన్ని ముందు పెట్టారో, దేన్ని తర్వాత చేర్చారో చెప్పే మాట మాత్రం పోయింది. రాయి కదలకముందు ఎవరైనా రెండు నిమిషాల్లో రాసిపెట్టగలిగిన మాట అది. కదిలాక, ఇన్నేళ్ల పాండిత్యం కూడా దాన్ని పూర్తిగా తిరిగి తేలేకపోయింది.

ఈ గాథని ముఖ్యంగా కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లకి చెప్పాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి అమ్మిన డబ్బుతో, మిర్చి అమ్మిన డబ్బుతో పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించిన ఇళ్లు వీధికి పది ఉంటాయి. ఆ పిల్లలు ఇవాళ హైదరాబాదులో, బెంగళూరులో, డాలస్‌లో కూర్చుని కోడు రాస్తున్నారు. వాళ్ల పనిలో కామెంట్ అని ఒకటుంది. ప్రోగ్రాం మధ్యలో, యంత్రం చదవకుండా దాటేసే చోట, ఒక మనిషి తన తర్వాత వచ్చే మనిషికి రాసే నాలుగు ముక్కలు. దాన్ని ఎప్పుడు రాయాలి, ఏం రాయాలి, ఎక్కడ పెట్టాలి అన్నది ఆ వృత్తిలో ఎప్పటికీ తెగని తగువు. అమరావతిలో జరిగిన నష్టాన్ని వరసగా చూస్తే ఆ తగువులో చాలా భాగం తీరిపోతుంది.

*

ఇవాళ మనం ధరణికోట అంటున్న ఊరు ఒకప్పటి ధాన్యకటకం. శాతవాహనుల కాలంలో అది పెద్ద పట్నం. దాని పక్కన క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటికే మొదలైన స్తూపం, ఐదారు వందల ఏళ్లపాటు పెరుగుతూ, మారుతూ, కొత్త పలకలు తొడుక్కుంటూ మహాచైత్యమైంది. గుండ్రటి వేదిక వ్యాసం 160 అడుగుల పైమాటే. దాని చుట్టూ రాతి ప్రాకారం, నాలుగు దిక్కులా ద్వారాలు, ఒంటినిండా పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన బుద్ధుడి కథలు.

అది ఒక్క రాజు సొమ్ముతో లేచింది కాదు. వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు, చేతిపనివాళ్లు తలా ఒక రాయి ఇచ్చారు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు విధికుడు తోలుపని చేసేవాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చాడు. ఎవరిచ్చారు, ఎవరితో కలిసి ఇచ్చారు అన్న సంగతి ఆ పలక మీదే బ్రాహ్మీ లిపిలో చెక్కించాడు. ఇలాంటి దాన శాసనాలు అమరావతి రాళ్ల మీద ఎన్నో దొరికాయి. శతాబ్దాల తర్వాత స్తూపం చెదిరిపోయినా విధికుడి పేరు చెదరలేదు. కారణం చాలా మామూలుది. ఆ మాట రాయి మీదే ఉంది, అందుకే రాయి ఎక్కడికి పోతే అక్కడికి వెంట వెళ్లింది. ఎక్కడో మఠంలో తాళపత్రం మీద రాసి ఉంటే ఆ తాళపత్రం ఏనాడో చెదలు పట్టేది.

శాతవాహనులు పోయారు, ఇక్ష్వాకులు పోయారు. చైత్యం మాత్రం చాలాకాలం నిలిచింది. 1182 నాటి కోట కేతరాజు శాసనం అమరేశ్వరాలయంలో ఉంది. అది శివుడి గుడిలో ఉన్న శాసనమే అయినా, పక్కనే ఎత్తుగా, చిత్రాలతో వెలుగుతున్న బుద్ధుడి చైత్యాన్ని తలుచుకుంటుంది. 1344 నాటి శాసనం ఒకటి సింహళంలోని గడలాదెణియలో ఉంది. ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల విగ్రహ గృహాన్ని బాగుచేయించాడని అందులో రాశారు. ఆ తర్వాత నాలుగున్నర శతాబ్దాలు చీకటి. చైత్యం ఏమిటో తెలిసిన చివరి మనిషి ఎప్పుడు పోయాడో ఎవరికీ పట్టలేదు. మట్టి పేరుకుంది, గడ్డి మొలిచింది. ఊళ్లోవాళ్లు ఆ గుట్టని దీపాలదిన్నె అన్నారు.

*

1796 ప్రాంతంలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన నివాసాన్ని చింతపల్లి నుంచి అమరావతికి మార్చాడు. కొత్త ఊరు లేవాలి. కోట కావాలి, వీధులు కావాలి, గుడికి మెరుగులు కావాలి. దీపాలదిన్నెలో పార దింపితే పెద్ద పెద్ద ఇటుకలు, చదునైన పలకలు చేతికొచ్చాయి. పనివాళ్లు వాటిని మోసుకుపోయి మెట్లకి, గోడలకి, నేలకి వాడారు. సున్నపురాయి కాబట్టి కొంత సున్నంగా మారిపోయింది. లోపల నిధి ఉంటుందన్న ఆశ కూడా పారల్ని నడిపించింది.

వెంకటాద్రి నాయుణ్ని తిట్టడం సులువు. కానీ ఆయన చూసింది ఒక గుట్టని. ఇది ఫలానా, దీన్ని ముట్టుకోవద్దు, ఇందుకోసం ముట్టుకోవద్దు అని చెప్పే రాత పైన ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ లోపల, ఎవరికీ చదవరాని లిపిలో ఉన్నాయి. బ్రాహ్మీ లిపిని జేమ్స్ ప్రిన్సెప్ పూర్తిగా విప్పింది ఆ తర్వాత నలభై ఏళ్లకు, 1837లో. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాడు పాత ప్రోగ్రాంలో అర్థంకాని పాతిక లైన్లు చూసి, ఇవి ఎందుకూ పనికిరావని తీసేసినప్పుడు జరిగేది కూడా ఇదే. అవి ఏ అర్ధరాత్రి ఏ పద్దు తలకిందులైతే పెట్టిన లైన్లో అతనికి తెలిసే దారి లేదు. తీసేసింది అతనే అయినా, అసలు తప్పు అతనికంటే ముందు, కారణం తెలిసీ రాయకుండా వెళ్లిపోయినవాడిది.

1797లో కోలిన్ మెకంజీ ఈ తవ్వకాల మాట విని వచ్చి చూశాడు. మన ఏలూరు కావలి సోదరుల సాయంతో దక్షిణదేశపు కైఫీయతులు, శాసనాలు పోగుచేసిన మెకంజీయే. అప్పుడు ఎక్కువ రోజులు ఉండలేకపోయాడు. 1816లో, భారతదేశ సర్వేయర్ జనరల్ హోదాలో, చిత్రకారుల్నీ సర్వేయర్లనీ వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. అప్పటికి దిన్నె నడిమధ్యన చెరువు కోసం తవ్విన గొయ్యి ఉంది. మొదటిసారి చూసినవాటిలో చాలా రాళ్లు ఆ చోట లేవు.

మెకంజీ మనుషులు 1817 దాకా పనిచేశారు. దిన్నె ప్లాను గీశారు. పలకల్ని కొలిచి బొమ్మలు గీశారు. చాలా బొమ్మల కింద గీసినవాళ్ల పేరు, తేదీ ఉన్నాయి. ఆ బొమ్మల ఆల్బమ్ ఇవాళ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. వాళ్లు గీసిన రాళ్లలో కొన్ని ఆ తర్వాత కనబడకుండా పోయాయి. అవి ఎలా ఉండేవో ఇప్పుడు ఆ కాగితమే చెప్పాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ కట్టడం జైనులది అయి ఉంటుందని మెకంజీ అనుకున్నాడు. ఆ ఊహ తప్పింది. అయినా ఆయన పని చెడలేదు. ఎందుకంటే కళ్లతో చూసినదాన్ని చూసినట్టు గీశారు, ఊహని ఊహగా వేరే ఉంచారు. ఊహ కూలినా కొలత నిలిచింది. కామెంట్ రాసేవాళ్లు ఈ పద్ధతి పట్టుకోవాలి. "ఈ లైను తీసేస్తే మార్చి నెల నివేదికలో మొత్తం రెండింతలు వస్తోంది" అన్నది చూసిన సంగతి. "బహుశా పాత డేటాబేస్ వల్ల కావచ్చు" అన్నది ఊహ. రెండూ రాయొచ్చు. ఒకదానిలో ఒకటి కలిపేస్తే మాత్రం, ఊహ తప్పని తేలిన రోజున నిజాన్ని కూడా నమ్మేవాళ్లు ఉండరు.

*

మెకంజీ 1821లో పోయాడు. తర్వాత కొన్ని పలకలు మచిలీపట్నం చేరాయి. అక్కడి అధికారి రాబర్ట్‌సన్ వాటిని బజారు మధ్యలో ఒక దిబ్బ కట్టించి అలంకారంగా నిలబెట్టాడు. రాబర్ట్‌సన్ దిబ్బ చూసినవాళ్లు శిల్పాల అందం చూసి ఉంటారు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో మాత్రం ఆ దిబ్బ చెప్పదు. అది రాబర్ట్‌సన్ పేర్చుకున్న వరస.

1845లో వాల్టర్ ఇలియట్ వచ్చాడు. గుంటూరులో కమిషనరు. నాణేలు, శాసనాలు, జంతుశాస్త్రం, అన్నిట్లోనూ చేయి తిరిగిన పండితుడు. ఆయన తవ్వించి పెద్ద సంఖ్యలో పలకల్ని బయటికి తీయించి మద్రాసు పంపించాడు. అక్కడ అవి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకి ఎండి వానకి తడిశాయి. 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. అక్కడా గోదాముల పాలయ్యాయి. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ వాటిని వెతికి పట్టుకుని, ఫోటోలు తీయించి, మరుసటి ఏడు పుస్తకంలో పెట్టాకే వాటి విలువ లోకానికి తెలిసింది. 1880లో బ్రిటిష్ మ్యూజియంలోకి మారాయి. సున్నపురాయే అయినా వాటికి ఇలియట్ మార్బుల్స్ అనే పేరు నిలిచిపోయింది.

ఇలియట్ లాంటి మనిషి కూడా తవ్వకం జరుగుతుండగానే ఏ రాయి ఎక్కడ దొరికిందో వివరంగా నివేదిక అచ్చువేయించలేదు. ఏళ్లు గడిచాక, ఇతరులు అడిగినప్పుడు, జ్ఞాపకం మీద చెప్పాల్సి వచ్చింది. ఆయన మేధ మీద ఎవరికీ అనుమానం లేదు. కానీ చూసిన రోజున నిక్కచ్చిగా ఉన్నది పాతికేళ్ల తర్వాత "అటువైపు అనుకుంటా" అయిపోతుంది. కోడు రాసేవాళ్లు "డాక్యుమెంటేషన్ చివర్లో ఒకేసారి చేద్దాం" అంటుంటారు. ప్రాజెక్టు చివరికి వచ్చేసరికి, మూడో వారంలో ఆ మెలిక ఎందుకు పెట్టారో రాసినవాడికే గుర్తుండదు. అప్పుడు రాసేది కోడుని మళ్లీ చదివి అల్లిన కథ. అలాంటి కథని తర్వాత వచ్చేవాడు కూడా అల్లుకోగలడు.

*

ఆఖరి దెబ్బ శుభ్రం చేయడం పేరుతో పడింది. 1877లో రాబర్ట్ సివెల్ కొంత భాగం తవ్వి, ఏది ఎక్కడ దొరికిందో నమోదు చేశాడు. ఆయన నివేదిక 1880లో అచ్చయింది. ఆ ఏడే మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు, స్తూపాన్ని పూర్తిగా వెలికితీయమని ఆదేశించాడు. మట్టి ఎత్తారు. పలకలు తీసి పక్కన పెట్టారు. నిపుణుడెవరూ దగ్గర లేడు.

1881 చివర్లో జేమ్స్ బర్జెస్ అమరావతి చేరేసరికి నడిమధ్యన పెద్ద గొయ్యి ఉంది. దాని చుట్టూ, ఉన్నచోటు నుంచి కదిలిపోయిన రాళ్లు. ఏది ఎక్కడిదో చాలావాటికి చెప్పేవాళ్లు లేరు. రాళ్లని అక్కడే ఉంచి కాపాడాలని ప్రాచీన కట్టడాల సంరక్షకుడు కెప్టెన్ కోల్ పట్టుబట్టాడు. మద్రాసు పంపిస్తేనే భద్రమని బర్జెస్ వాదించాడు. బర్జెస్ మాటే నెగ్గింది. ఆ శిల్పాల మీద ఆయన 1887లో వెలువరించిన పెద్ద గ్రంథం ఇవాళ్టికీ ఆధారమే. ఆ తర్వాత అలెగ్జాండర్ రియా వచ్చి మిగిలిన చోట్ల తవ్వాడు. కానీ శతాబ్దాలపాటు ఒక్కచోట నిలిచిన వరస అప్పటికే చెదిరిపోయింది.

ఆ చెదిరిన వరసని ఇవాళ్టి దాకా పండితులు పేరుస్తూనే ఉన్నారు. సి. శివరామమూర్తి గారు 1942లో మద్రాసు మ్యూజియం శిల్పాల మీద రాశారు. డగ్లస్ బారెట్ 1954లో, రాబర్ట్ నాక్స్ 1992లో బ్రిటిష్ మ్యూజియం పలకల మీద రాశారు. చీరకట్టు తీరు చూసి, కళ్ల రెప్పలు చెక్కిన తీరు చూసి, అక్షరాల వంపు చూసి, ఇది ముందుది ఇది తర్వాతది అని నిర్ణయించాల్సి వచ్చింది. ఎంత గొప్ప తర్కమైనా తర్కమే. అదే రాయి పడి ఉన్న చోట ఒక అంకె వేసి, ప్లానులో అదే అంకె వేసి ఉంటే, అందులో సగం వాదన పుట్టేదే కాదు.

కోడులో ఈ దెబ్బకి రీఫ్యాక్టరింగ్ అని మర్యాదైన పేరుంది. కోడు గజిబిజిగా ఉంది, చక్కగా పేర్చుదాం అని మొదలవుతుంది. పేర్చినాక చూడటానికి అందంగానే ఉంటుంది. ఏ ముక్క ఏ ముక్కకంటే ముందు నడవాలో, ఎందుకు నడవాలో మాత్రం ఆ గజిబిజిలోనే దాగి ఉండేది. శుభ్రం చేసేవాడు దాన్ని చెత్తతో పాటు ఎత్తేస్తాడు.

*

రాళ్ల కథ సోర్స్ కోడుకి వర్తిస్తుందా అని అనుమానం ఉన్నవాళ్ల కోసం ఇంకో పతనం చెప్పాలి. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి యూరప్ కొత్త రాకెట్ ఏరియన్-5 మొదటిసారి పైకి లేచింది. అందులో నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలున్నాయి. ప్రధాన ఇంజిను రాజుకున్న సుమారు 37 సెకన్లకు, రాకెట్ ఎటు పోతోందో చెప్పే పరికరం ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండోది అంతకు ఒక్క క్షణం ముందే, అదే కారణంతో ఆగిపోయి ఉంది. రాకెట్ ఒక్కసారిగా పక్కకి తిరిగింది, గాలి ఒత్తిడికి విరగడం మొదలైంది, తనను తాను పేల్చేసుకుంది. శకలాలు చిత్తడి నేలల్లో పడ్డాయి. శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి తయారుచేసుకున్న నాలుగు ఉపగ్రహాలూ పోయాయి. వాటి స్థానంలో మళ్లీ కట్టినవి కక్ష్యలోకి చేరింది 2000లో.

కారణం ఒకే ఒక్క మార్పిడి. 64 బిట్లలో ఉన్న దశాంశ సంఖ్యని 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే చోట, ఆ సంఖ్య అందులో పట్టనంత పెద్దదైంది. ధన, రుణ సంఖ్యలు రెండింటికీ చోటిచ్చే 16 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణాంకం 32,767. ఆ కోడు ఏరియన్-4 కోసం రాసింది. పాత రాకెట్‌లో ఆ విలువ అంత పెరగదు. కొత్త రాకెట్ మొదటి క్షణాల్లో అడ్డంగా అందుకునే వేగం ఐదు రెట్లు చురుగ్గా పెరుగుతుంది. అసలు ఆ లెక్కతో ఏరియన్-5కి నేల వదిలాక పనే లేదు. పాత రాకెట్ అవసరం కోసం పెట్టినది, అలాగే నడుస్తూ ఉండిపోయింది.

విషాదం ఎక్కడుందంటే, ఇదంతా తెలియక జరిగింది కాదు. ఇలా పొంగిపోయే ప్రమాదం ఏడు విలువలకి ఉందని ఇంజినీర్లు ముందే గుర్తించారు. కంప్యూటర్ మీద భారం 80 శాతం దాటకూడదు కాబట్టి నాలుగింటికే రక్షణ పెట్టి, మూడింటిని వదిలేశారు. ఆ మూడూ హద్దు దాటవని లెక్క వేసి, కూర్చుని ఒప్పుకుని వదిలేశారు. గణితవేత్త జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన వేసిన దర్యాప్తు బోర్డు అదే ఏడు జూలైలో నివేదిక ఇచ్చింది. ఆ మూడింటిని ఎందుకు వదిలేశారన్న సమర్థన సోర్స్ కోడులో నేరుగా ఎక్కడా కనిపించలేదని అందులో రాసింది. పత్రాలు గుట్టలుగా ఉన్నాయి. ఆ గుట్టల్లో, ఎవరూ కావాలని దాచకుండానే, ఆ ఊహ మరుగున పడింది.

కొత్త రాకెట్ గమనంతో ఆ పరికరాన్ని పూర్తిగా పరీక్షించకపోవడం కూడా కారణమేనని బోర్డు చెప్పింది. ఒక్క కామెంట్ రాకెట్‌ని కాపాడేదని ఎవరూ ప్రమాణం చేయలేరు. కానీ ఆ లైను పక్కనే "ఇక్కడ హద్దు తనిఖీ లేదు, ఏరియన్-4 గమనంలో ఈ విలువ దాటదని లెక్క, గమనం మారితే మళ్లీ చూడాలి" అని ఉంటే, ఏరియన్-5కి ఆ కోడుని ఎత్తి పెట్టినవాళ్ల కంట అది పడేది. విధికుడి శాసనం రాయి మీద ఉంది. ఏరియన్ ఇంజినీర్ల శాసనం బీరువాలో ఉంది. కోడు ప్రయాణం కట్టినప్పుడు బీరువా వెంట రాలేదు.

*

ఈ రెండు పతనాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే కామెంట్ సంగతి తేటపడుతుంది.

ముందు ఏం రాయాలో చూద్దాం. రాయి మీద ఏముందో రాయి చూస్తే తెలుస్తుంది. బోధివృక్షం చెక్కిన పలక కింద "ఇది బోధివృక్షం" అని రాస్తే చదివేవాడికి ఒరిగేది లేదు. పత్తి కొనుగోలు కేంద్రంలో లెక్క వేసే ప్రోగ్రాం ఒకటి ఉందనుకుందాం. సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) నిబంధన ప్రకారం తేమ 8 శాతం దాకా ఉంటే మద్దతు ధర పూర్తిగా ఇస్తారు, అక్కణ్నుంచి 12 దాకా కోత వేస్తారు, 12 దాటితే కొనరు. కోడులో 12 అనే అంకె ఉంటుంది. దాని పక్కన "తేమ 12 దాటితే తిరస్కరించు" అని రాస్తే కోడు చెప్పిందే మళ్లీ చెప్పినట్టు. ఆ అంకెకి గరిష్ఠ తేమ అని కోడులోనే పేరు పెడితే ఆ కామెంట్ అవసరమే తీరిపోతుంది. "ఈ హద్దు సీసీఐది, మనం పెట్టుకున్నది కాదు, ప్రతి సీజనుకీ ముందు సరిచూడాలి, సరిగ్గా 12 ఉంటే కొంటారు, దాటితేనే తిరస్కరణ" అని రాస్తే అది ఏ కోడూ చెప్పలేని సంగతి. మార్కెట్ యార్డులో బండి దగ్గర రైతు నిలబడి ఉన్నప్పుడు, ఆ చివరి ముక్క మీదే అతని సరుకు అమ్ముడుపోవడం ఆధారపడి ఉంటుంది.

ఎక్కడ రాయాలో చెప్పడానికి ఒక గుర్తు ఉంది. చూసినవాడికి తప్పుగా కనిపించే ప్రతి సరైన లైను పక్కనా కామెంట్ ఉండాలి. తీసేయాలనిపించేదాన్ని ఎందుకు తీయకూడదో, సూటిగా పోయే దారి ఉండగా చుట్టుదారి ఎందుకు పట్టారో, ముందు ప్రయత్నించి వదిలేసిన పద్ధతి ఏమిటో, దాన్ని ఎందుకు వదిలేశారో. తేటగా నడిచే కోడుకి ఇవేవీ అక్కర్లేదు. లైనుకో కామెంట్ తగిలిస్తే ముఖ్యమైనది ఆ గుంపులో కనబడదు. నాలుగొందల ఏళ్ల పైగా గుట్ట కింద ఉన్న శాసనం లాగే, ఉండీ లేనట్టే.

ఇవాళ ప్రతి మార్పుకీ, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో సందేశం రాస్తున్నాం కదా, పని అప్పగించిన టికెట్‌లో అంతా ఉంది కదా అంటారు. అవి రాయాల్సిందే. అవి మెకంజీ ఆల్బమ్ వంటివి, ఎంతో విలువైనవి. కానీ ఆల్బమ్ ఒక భవనంలో, రాయి ఒక భవనంలో ఉంటాయి. టికెట్లు పెట్టే సాఫ్ట్‌వేర్ మారిన రోజున పాత లింకులు తెగిపోతాయి. కోడుని కొత్త చోటికి ఎత్తుకుపోయేవాడు చరిత్రని వదిలి ఫైళ్లు మాత్రం పట్టుకుపోవచ్చు. దీర్ఘ వివరం ఆల్బమ్‌లో ఉండనివ్వండి. ప్రాణం పోసే రెండు వాక్యాలు మాత్రం రాయి మీదే చెక్కాలి.

చెక్కినదాన్ని కనిపెట్టుకుని ఉండటం ఇంకా కష్టం. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి పలక ఒకటుంది. ఒక ముఖాన క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు బోధివృక్ష పూజ. తర్వాతి తరాలవాళ్లు అదే రాయిని తిప్పి, రెండో ముఖాన క్రీస్తుశకం మూడో శతాబ్దపు స్తూపాన్ని చెక్కారు. రాయి ఒకటే, పని మారింది. కోడులో ఇది రోజూ జరుగుతుంది. లైను మారుతుంది, పైన కామెంట్ పాతదే ఉంటుంది. లేని కామెంట్ చదివేవాణ్ని అయోమయంలో పడేస్తే, పాతబడిన కామెంట్ నమ్మించి దారి తప్పిస్తుంది. అందుకే కోడు మార్చిన చేయే, అప్పటికప్పుడే, పక్కనున్న మాట కూడా మార్చాలి. ఎప్పటికైనా పనికొస్తుందని కామెంటుగా మార్చి వదిలేసిన పాత కోడుని తీసేయాలి. దాని చరిత్ర గిట్ దగ్గర భద్రంగానే ఉంటుంది.

ఇక అన్నిటికంటే పెద్ద ప్రశ్న, ఎప్పుడు రాయాలి. రాయి కదలకముందు రాయాలి. కారణం తెలిసినవాడి బుర్రలో కారణం వెచ్చగా ఉన్నప్పుడు రాయాలి. ఆ సమయం చాలా చిన్నది. వచ్చే వారానికి మరో పని మీద పడుతుంది, వచ్చే ఏటికి మనిషే మరో కంపెనీలో ఉంటాడు. తర్వాత వచ్చేవాడు అతనికంటే తెలివైనవాడు కావచ్చు. శివరామమూర్తి గారికంటే, బారెట్ కంటే శిల్పం తెలిసినవాళ్లు అరుదు. వాళ్ల తెలివి కూడా ఆ రోజు రాయని మాటకి బదులు కాలేకపోయింది.

రాసిపెట్టినందువల్ల ఏం జరుగుతుందో కూడా ఈ నేలే చూపించింది. ప్రకాశం నేల మీద, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపాన్ని 1970లలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. అక్కడ భద్రపరిచిన శిల్పాల్లో కొన్నింటిని 2000 ప్రాంతంలో దొంగలు ఎత్తుకుపోయారు. బుద్ధుణ్ని ఆరాధిస్తున్న భక్తుల పలక ఒకటి విదేశీ మార్కెట్ గుండా 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ చేతికి చేరింది. చందవరంలో ఉండగా ఎవరో తీసిన ఫోటో ఆ పలక ఎక్కడిదో తేల్చేసింది. 2016లో ఆస్ట్రేలియా దాన్ని భారతదేశానికి తిరిగి ఇచ్చేసింది. కంచెలు, తాళాలు ఆపలేకపోయిన దొంగతనాన్ని ఒక్క నమోదు వెనక్కి తిప్పింది.

అమరావతి రాళ్లకి ఆ అదృష్టం పట్టలేదు. వాటి గురించి రాయగలిగినవాళ్లలో చాలామంది ఆ దిన్నె మీద నిలబడి, రాయకుండా వెళ్లిపోయారు. వాళ్లలో చాలామంది మంచివాళ్లు, చదువుకున్నవాళ్లు, తొందరలో ఉన్నవాళ్లు. ఇవాళ కోడు రాసేవాళ్లు కూడా అలాంటివాళ్లే. ఈ సాయంత్రం మీరు మార్చిన ఆ ఒక్క లైను ఎందుకు మార్చారో ప్రపంచంలో తెలిసింది మీ ఒక్కరికే. కంప్యూటర్ కట్టేసే ముందు దాని పక్కన రెండు వాక్యాలు రాయండి. రేపటినుంచి ఆ సంగతి ఇంకొకరికి కూడా తెలిసి ఉంటుంది.